నిద్రకు రెండు గ్లాసులు

అత్తయ్యా,

మీకు నా నమస్కారం, మీ చెవి మిషనుకు నా తిట్లు. మొన్న ఫోన్‌లో నేను అరిచిందంతా మా అంతస్తులో అందరికీ వినబడింది, మీకు తప్ప. అందుకే కాగితం తీశాను. మీరు కూడా కాగితం మీదే జవాబివ్వండి.

విషయం మీ అబ్బాయి నిద్ర. ఎండలు మొదలైన దగ్గర్నుంచీ పట్టడం లేదు. మాది పై అంతస్తు అని మీకు తెలుసు. పగలంతా కాలిన స్లాబు చీకటి పడ్డాక ఆ వేడిని మా మీదకు దించుతుంది. ఫ్యాను తిప్పితే పెనం మీది గాలి వస్తుంది. కిటికీకి తడి దుప్పటి కట్టాను. మంచం గోడకు చేరేసి నేల కడిగి చాపలు పరిచాను. నేనైతే ఎలాగో పడుకుంటాను. పడుకోవడం కూడా కాదు, పడిపోతాను. తల ఆనించడమే గుర్తు, తర్వాత అలారం. లేచేసరికి నోరు ఎండిపోయి నాలుక అట్టముక్కలా ఉంటుంది, తల దిమ్ముగా ఉంటుంది. ఎండల వల్లే అనుకుంటున్నాను. ఆయన మాత్రం నేను కళ్లు మూసేటప్పుడు ఎలా కూర్చుని ఉంటారో, తెరిచేటప్పుడూ అలాగే కూర్చుని ఉంటారు.

(మీకు రాస్తున్నాను గనక "ఆయన" అంటున్నాను. ఇంట్లో "నువ్వు" అనే అంటానని మీకు తెలుసు. మీకు వినబడదనుకుని నేను అన్నవి కూడా మీరు విన్నారని నా అనుమానం.)

ఆఫీసు ఉద్యోగి కునికితే తల ఫైలు మీద వాలుతుంది, అంతే. లిఫ్టు మెకానిక్కు కునికితే ఎక్కడ వాలతాడో మీకు చెప్పక్కర్లేదు. పోయిన వారం ఒక పెద్ద భవనంలో లిఫ్టు పెట్టె కప్పు మీద నిలబడి ఇనుప తాడు పరీక్షిస్తూ చేతిలో పానా వదిలేశారట. అది కిందకు వెళ్తున్న చప్పుడు చాలాసేపు వినబడిందని ఆయన జతగాడు చెప్పాడు. "ఇవాళ పానా జారింది వదినా. రేపేం జారుతుందో చూసుకోండి" అన్నాడు. నాకు అన్నం సహించలేదు.

నిద్రమాత్ర వేసుకోమంటే వినరు. పొద్దున లిఫ్టు తిరిగే షాఫ్టులో కాళ్లు నిలవవంటారు. అదీ నిజమే. నేనేమో రోజూ ఎనిమిది వందల మందిని వెనక వేసుకుని మెట్రో నడుపుతాను. ఇంట్లో ఒక్క మనిషిని నిద్రపుచ్చడం చేతకావడం లేదు.

చిన్నప్పుడు ఎండాకాలంలో ఆయనకు మీరేదో కాచి తాగించేవారని, అది తాగితే ఉక్కలో కూడా ఒళ్లు తెలియకుండా పడుకునేవారని ఒకసారి అన్నారు. అదేమిటో రాయండి. కొలతలతో రాయండి.

మీ కోడలు,
మీరు పెట్టిన పేరే, రైలుపిల్ల


రైలుపిల్లా,

నీ ఉత్తరం చేరింది. చెవులు పోయాయి గానీ కళ్లున్నాయి. రెండుసార్లు చదువుకున్నాను.

కొలతలు అడిగావు. స్కూలు క్యాంటీన్‌లో వండినదాన్ని, నాకు తెలిసినవి గుండిగ కొలతలే. ఐదు కిలోల బార్లీకి ఎన్ని బిందెల నీళ్లో చెప్పగలను, ఒక గ్లాసుకు ఎంతో చెప్పలేను. నువ్వు పెద్ద చదువులు చదివావు, భాగించుకో.

మొదటిది బార్లీ నీళ్లు. రాత్రికి కావాలంటే మధ్యాహ్నమే మొదలుపెట్టాలి. బార్లీ మెత్తగా ఉడికేటప్పుడు సోంపు కచ్చాపచ్చాగా దంచి, పల్చటి గుడ్డలో మూటకట్టి అందులో వెయ్యి. దించాక మూట తీసేసి వడకట్టు. చిటికెడు ఉప్పు చాలు. పంచదార వెయ్యకు, పిల్లలకైనా నేను వేసేదాన్ని కాదు.

రెండోది పాలు. ఎండల్లో పాలేమిటని నవ్వకు. కాచిన పాలలో జాజికాయ రాతి మీద రెండు గీతలు అరగదీసి కలుపు. రెండంటే రెండే, ఎక్కువైతే తల తిరుగుతుంది. దాన్ని దానంతట అదే చల్లారనివ్వు. ఫ్రిజ్జులో పెట్టకు. మంచులాంటిది గొంతులో దిగేటప్పుడే సుఖం, తర్వాత కడుపు మేలుకుని కూర్చుంటుంది. మూడోది ఎండబెట్టిన చామంతి పూలు మరిగించిన నీళ్లు. అది అందరికీ నచ్చదు.

ఏదైనా పడుకోవడానికి గంట ముందు తాగాలి. పడుకోబోతూ తాగితే నిద్ర రాదు, బాత్రూమ్‌కు దారి వస్తుంది.

ఇంకో మాట. వాడొక్కడికే ఇవ్వకు. ఒక్కడికే ఇస్తే మందు అనుకుని మొండికేస్తాడు. వాడికో గ్లాసు, నీకో గ్లాసు.

మీ మామగారికి ఇవేవీ అక్కర్లేకపోయేవి. దిండు తగిలితే గురకే. "మీ ఇంట్లో పిండిమర రాత్రి కూడా ఆడుతుందా అక్కా?" అని వీధిలో వాళ్లు అడిగేవాళ్లు. నీ మొగుడికి ఆ ఒక్క ఆస్తీ రాలేదు.

నీ అత్త


అత్తయ్యా,

ఐదు కిలోల బార్లీని ఇద్దరికి భాగించేసరికి నా చదువు బయటపడింది. మొదటి రోజు బకెట్టుడు తేలింది. తర్వాత కుదిరింది. ఒకరోజు బార్లీ, ఒకరోజు పాలు, మధ్యలో చామంతి. అన్నాలయ్యాక రెండు గ్లాసులూ తెచ్చేదాన్ని. ఆయన తన గ్లాసు అందుకుని "కింద మెట్ల దగ్గర గాలి ఆడుతోంది, అక్కడ తాగుతాను" అని వెళ్లేవారు. ఖాళీ గ్లాసు కడిగి మరీ తెచ్చేవారు. నేను మురిసిపోయాను.

మీ చేతి మహిమ చెప్పాలి. ఆ పాలు తాగిన రాత్రి ఒంట్లో కీళ్లన్నీ ఒక్కొక్కటే వదులైనట్టు ఉండేది. ఇంత వేడిలో, ఇంత చిన్న గదిలో, ఒక గ్లాసుడు చల్లారిన పాలు మనిషిని అలా ఎత్తుకుపోవడం నాకు వింతగా ఉండేది. ఆయన కళ్లు మాత్రం రోజు రోజుకూ ఇంకా ఎర్రబడ్డాయి. పెద్ద మొండి నిద్రలేమి, టైము పడుతుందిలే అనుకున్నాను.

నిన్న డ్యూటీ దిగి, యూనిఫారం చెయ్యి కుట్టు ఊడిపోతే, కింద వాటాలో ఉండే టైలరు బాబాయ్‌కి ఇచ్చాను. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాడు:

"మొన్నటి పాలల్లో జాజికాయ తగ్గించావేమ్మా?"

"మొన్నటి పాల సంగతి మీకెవరు చెప్పారు బాబాయ్?"

"ఎవరో చెప్పేదేముంది, తాగినవాణ్ణి నేనైతే. ఎండలు ముదిరిన దగ్గర్నుంచీ రోజూ తాగుతున్నానుగా. మీ ఆయన తెచ్చి ఇస్తాడు. పెళ్లయ్యాక నేనింత నిద్రపోవడం ఇదే చూడ్డం అంటోంది మీ పిన్ని. బార్లీ రోజు మరీ హాయి. ఇంతకీ ఇవాళేమిటి?"

"చామంతి" అన్నాను.

"అది కాస్త వెగటు. పర్లేదులే, నీ చెయ్యి మంచిది."

మెట్లెక్కుతూ నవ్వుకున్నాను అత్తయ్యా. రెండో అంతస్తు దాటాక నవ్వు ఆగిపోయింది. ఇంట్లోకి వెళ్లి ఆయన పనిముట్ల సంచీ తెరిచాను. తెరవకూడదని తెలుసు. అడుగున ఒక ఫ్లాస్కు, అందులో పాలు కలపని కాఫీ, నోట్లో పెట్టుకోలేనంత చిక్కగా. అంటే ఈయనకు నిద్ర రాకపోవడం కాదు. వచ్చే నిద్రను రానివ్వడం లేదు.

వచ్చాక అడిగాను. "నా చేతిది తాగడం ఇష్టం లేకపోతే చెప్పొచ్చుగా."

"ముసలాయన పడుకుంటున్నాడు కదా, పుణ్యం నీకే" అన్నారు.

"నువ్వెందుకు పడుకోవు?"

"ఉక్క."

అదొక్క మాటే. తర్వాత ఎంత అడిగినా అదే.

ఎవరికీ చెప్పనిది మీకు చెబుతున్నాను. పదిహేను రోజుల క్రితం నాకు మధ్యలో ఒకసారి మెలకువ వచ్చింది. ఆయన నా పక్కన కూర్చుని నన్నే చూస్తున్నారు. ఆ చూపులో ప్రేమ లేదు, కోపమూ లేదు. సిగ్నలు పడే దాకా నేను ముందున్న దీపాన్ని చూస్తానే, అలా చూస్తున్నారు. నేను కదలగానే అటు తిరిగిపోయారు. ఆ తర్వాత అన్నీ కలుపుకుంటే నాకు ఒక్కటే అర్థమైంది. నా పక్కన పడుకోవడం ఆయనకు పడడం లేదు. నోటితో చెప్పలేని మనిషి, అందుకని ఉక్క అంటున్నారు. పెళ్లయి ఆరేళ్లు. ఎక్కడ మొదలైందో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. మా డిపోలో ఆడవాళ్ల విశ్రాంతి గదిలో నాకొక మంచం అడిగాను, ఇచ్చారు. వచ్చే సోమవారం నుంచి రాత్రిళ్లు అక్కడే ఉంటాను. పక్కన నేను లేకపోతే ఆయన పడుకుంటారేమో. షాఫ్టులో పడిపోయిన మొగుడి కంటే, నా పక్కన పడుకోని మొగుడు నయం. ఆయనకు ఇంకా చెప్పలేదు. మీకే ముందు చెబుతున్నాను. నన్ను తప్పుగా అనుకోకండి.

మీ కోడలు


తల్లీ,

ఇది సోమవారం లోపల నీ చేతికి అందాలని నేనే ఆటో కట్టించుకుని పెద్ద పోస్టాఫీసుకు వెళ్లి వేస్తున్నాను.

నీ మొదటి ఉత్తరం మళ్లీ తీశాను. నోరు ఎండుతోందన్నావు. తల దిమ్మన్నావు. తల ఆనించడమే గుర్తన్నావు. ఆరోజు వాడి నిద్ర గురించి చదువుతూ నీ నిద్ర గురించి రాసింది దాటేశాను.

మీ మామగారి గురక గురించి నవ్వుతూ రాశాను. నవ్వు రాని సగం రాయలేదు. ఆ మర మధ్యలో ఆగేది. ఆగితే వీధికి హాయి, నాకు కాదు. గురకతో పాటు ఊపిరి కూడా ఆగేది. అందుకని ఆయన వీపు మీద అరచెయ్యి పెట్టుకుని పడుకునేదాన్ని. చెయ్యి కింద కదలిక ఆగితే మెలకువ వచ్చేసేది. గట్టిగా తట్టి పక్కకు తిప్పేదాన్ని. నీళ్లడుగు నుంచి పైకి తేలినవాడిలా గుప్పున గాలి పీల్చుకుని మళ్లీ నిద్రలోకి పోయేవారు. పొద్దున అడిగితే "నాకేం? హాయిగా పడుకున్నాను" అనేవారు. నేను క్యాంటీన్‌లో మధ్యాహ్నం బియ్యం బస్తాకు ఆనుకుని ఆ బాకీ తీర్చుకునేదాన్ని. దానికో పేరుందని, వైద్యం ఉందని ఆ రోజుల్లో మాకెవరూ చెప్పలేదు. భయపడకు. ఆయన నిండుగా బతికి, మెలకువగా ఉండి, నాతో పోట్లాడుతూ పోయారు.

మావాడు ఇదంతా చూస్తూ పెరిగాడు. మా ఇంట్లో పక్క మనిషి నిద్ర అంటే అదే. వాడికి వేరే రకం తెలీదు.

నేను పొరబడుతుంటే మంచిదే. కానీ డిపోకు సంచీ సర్దే ముందు వాణ్ణి ఒక్క మాట అడుగు. నా పక్కన ఎందుకు పడుకోవని కాదు. రాత్రిపూట నీ చెయ్యి ఎక్కడుంటుందని అడుగు.

అత్త


అత్తయ్యా,

మీ ఉత్తరం ఆదివారం ఉదయం కింద వాటా వాళ్లు తెచ్చి ఇచ్చారు, శనివారం వాళ్ల డబ్బాలో పడిందట. ఆయన వంటింట్లో కారుతున్న కుళాయి విప్పి కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడి మీరు చెప్పిన మాటే అడిగాను.

"రాత్రిపూట నీ చెయ్యి ఎక్కడుంటుంది?"

ఆయన కుళాయి వైపే చూస్తూ చాలాసేపు వాషరు తిప్పారు. తర్వాత, "అమ్మ రాసిందా?" అన్నారు.

"ఎక్కడుంటుంది?"

"నీ వీపు మీద."

ఆయన ఇక దాచలేదు. గురక ఎప్పట్నుంచో ఉందట. ఊపిరి ఆగడం చాపల మీదకు దిగాకే గమనించారట. మొదట్లో ఆగిందా లేదా అని చెవి పెట్టి వినేవారట. ఆ తర్వాత చెయ్యి పెట్టడం నయమని తోచిందట.

"మరి నేనిచ్చిన గ్లాసు?"

"ఒకరోజు తాగాను. మొదటి రోజే. నీ మీద ఒట్టు, బ్రహ్మాండంగా ఉంది. తాగి ఇలా ఒరిగాను, అంతే, తెల్లారిపోయింది. లేచి చూస్తే నీ పెదాలు నీలంగా ఉన్నాయి. నేను తట్టాక ఎర్రబడ్డాయి. అది పనిచేయక కాదు, పనిచేసిందనే మానేశాను. పారబోయడానికి చేతులు రాలేదు. కింద ముసలాయన ఉక్కకు ఆపసోపాలు పడుతున్నాడు కదా అని ఇచ్చాను."

నేను ఎన్నో రకాలుగా ఊహించుకున్నాను అత్తయ్యా. ఇది మాత్రం నా ఊహకు అందలేదు. నన్నిష్టపడని మనిషిని నేను నిద్రపుచ్చాలని చూస్తున్నాననుకున్నాను. ఆయనేమో నా నిద్రకు కావలి కూర్చుని, పగలు వెళ్లి లిఫ్టు కప్పుల మీద నిలబడుతున్నారు. ఆ రాత్రి నేను చూసిన చూపు గుర్తొచ్చింది. ఊపిరిని అలాగే చూస్తారు కాబోలు.

"చెబితే నేనేమైనా కాదంటానా?" అన్నాను.

"చెబితే నీ సీటు పోతుంది. రూలు నువ్వే చూపించావుగా, నిద్రలో ఊపిరి ఆగే వాళ్లను డాక్టరు సంతకం పెట్టేదాకా బండి ఎక్కనివ్వరని. ఆ సీటు కోసం నువ్వు ఎన్ని పరీక్షలు రాశావో, ఎంతమంది 'ఆడదానికి రైలేమిటి' అన్నారో చూశాను. నేను మేలుకుంటే సరిపోయేదానికి నీ రైలెందుకు పోవాలి?"

"నా వెనక ఎనిమిది వందల మంది ఉంటారు."

"నువ్వు బండిలో ఎప్పుడూ కునకలేదు."

"నువ్వూ లిఫ్టు మీద ఎప్పుడూ కునకలేదు. పానా జారేదాకా."

"ఇంకొన్నాళ్లు ఆగు, ఎండలు తగ్గితే తగ్గుతుందేమో" అన్నారు. వేడుకున్నారు కూడా. ఆరేళ్లలో ఆయన నన్ను ఏదీ అంత అడగలేదు. ఆ మాట వినాలని నాకూ ఉంది. నేనొక్కదాన్నే అయితే వినేదాన్ని.

సోమవారం సంచీ సర్దలేదు. డిపో డాక్టరమ్మ గదికి వెళ్లి నేనే చెప్పాను. ఆవిడ రాసుకుంటూ, "ఎవరు గమనించారు?" అని అడిగింది. మా ఆయన అన్నాను. "ఎన్నాళ్లుగా?" అంది. చెప్పాను. "మధ్యలో ఆయన ఎప్పుడు పడుకుంటారు?" అంది. "పడుకోరు" అన్నాను. ఆవిడ కలం కింద పెట్టింది. "ఆయన్ని కూడా ఒకసారి తీసుకురండి, ఊరికే చూస్తాను" అంది.

ఆ మధ్యాహ్నమే నన్ను బండి దింపారు. తాళం చెవి, డ్రైవరు బ్యాడ్జీ అప్పగించి, ప్రయాణికులు మర్చిపోయిన వస్తువుల గదిలో కూర్చున్నాను. అక్కడ గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒక కట్టుడు పళ్ల సెట్టు ఉన్నాయి. పళ్లు మర్చిపోయి ఇంటికెళ్లినవాడు అన్నం ముందు కూర్చున్నాక ఏమనుకున్నాడో అని ఆలోచించడం నా కొత్త ఉద్యోగం. ఏడవలేదని చెప్పను. ఆయన కూడా వాళ్ల సూపర్‌వైజరుకు నిజం చెప్పి, కొన్నాళ్లు షాఫ్టు మాని వర్క్‌షాపులో మోటార్లు విప్పే పని తీసుకున్నారు. అది నా షరతు.

ఆసుపత్రిలో ఒక రాత్రి ఒంటినిండా వైర్లు అతికించి పడుకోబెట్టారు. ఆయన్ని లోపలికి రానివ్వలేదు. మర్నాడు పరీక్ష చేసిన అమ్మాయి కంప్యూటరులో నా ఊపిరి చూపించింది. కొండలూ లోయలూ ఉన్న గీత. అక్కడక్కడ కొండలు మాయమై గీత చదునుగా సాగుతుంది, మళ్లీ ఒక్కసారిగా ఎత్తైన కొండ లేస్తుంది. "ఈ చదునులో మీరు గాలి పీల్చడం లేదు. ఇక్కడ మీ ఒళ్లే మిమ్మల్ని లేపింది. లేచిన సంగతి మీకు గుర్తుండదు" అంది. గంటలో అలా ఎన్నిసార్లో చెబితే, సరిగా వినలేదేమోనని మళ్లీ అడిగాను. సరిగానే విన్నాను.

నా వీపు, నా ఊపిరి. దాని గురించి నాకేమీ తెలియదు. ఆ చదునైన గీతలన్నిటినీ చీకట్లో అరచేతితో చదివిన మనిషి బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సొరంగంలోంచి మొదటిసారి బండిని వంతెన మీదకు తెచ్చినప్పుడు ఊరంతా ఒక్కసారి కళ్లముందు పరుచుకుంది. అప్పుడు కూడా నేను ఆ తెర ముందు అయినంత నిశ్చేష్టురాలిని కాలేదు.

ఇప్పుడు రాత్రిపూట ముక్కుకు మాస్కు పెట్టుకుంటున్నాను. దానికో గొట్టం, గొట్టానికో చిన్న యంత్రం. అద్దంలో చూసుకుంటే ఏనుగు తొండం ఊడదీసి తగిలించినట్టు ఉంది. "అందంగానే ఉన్నావు" అన్నారు. అబద్ధం ఆడడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు. లేచేసరికి తల తేలిగ్గా ఉంటోంది. తేలిక అంటే ఇలా ఉంటుందని మర్చిపోయాను. ఆ యంత్రంలో నెల రోజుల లెక్కలు చూశాకే సంతకం పెట్టేదీ లేనిదీ చెబుతానంది డాక్టరమ్మ. బండి ఇస్తే నడుపుతాను. ఇవ్వకపోతే గొడుగులు చూసుకుంటాను. ఈ మాట రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది, కానీ నిజమే రాశాను.

యంత్రం వచ్చినా ఆయన మానలేదు. మొదటి రోజుల్లో నేను మాస్కుతో పడుకుంటే, చెయ్యి ఆనించుకుని కూర్చునే ఉన్నారు. యంత్రాన్ని నమ్మరట. "లిఫ్టులు కూడా యంత్రాలే. నేను చూడకపోతే ఆగుతాయి" అన్నారు. నేను వాదించలేదు.

ఇవాళ సెలవు. నేను పొద్దున మాస్కు తీసి చూసేసరికి ఆయన చెయ్యి నా వీపు మీంచి జారి చాప మీద వెల్లకిలా పడి ఉంది. పడుకున్నారు అత్తయ్యా. నోరు కొంచెం తెరుచుకుని, కనుబొమలు విడివడి, ఊపిరి ఒకే వరసలో పోతూ వస్తూ. నేను చెయ్యి పెట్టి చూశాను. ఆగడం లేదు. ఎదురింట్లో కుక్కరు కూతలు పెట్టింది, గ్యాసు సిలిండరు అబ్బాయి మెట్ల మీద ఇనుము దొర్లించుకుంటూ వచ్చాడు, ఎండ కిటికీ దాటి ఆయన మోకాళ్ల దాకా వచ్చింది. కదల్లేదు. తడి దుప్పటి మళ్లీ తడిపి కిటికీకి కట్టి, పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈయన నిద్రపోతుండగా నేను ఇలా పక్కన కూర్చుని చూడటం ఇదే మొదలు. ఒక మనిషి ఇంత నిశ్చింతగా, ఇంతసేపు, ఏ పనీ చెయ్యకుండా ఉండగలడని చూస్తుంటే తప్ప నమ్మబుద్ధి కావడం లేదు.

మీకు తనే ఒక మాట రాస్తారని ఈ కాగితం అడుగున కొంచెం చోటు వదిలాను. ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు లేస్తారు అని చూశాను. మధ్యాహ్నమైంది. పోస్టు డబ్బా తీసే వేళ దగ్గర పడింది. లేపడానికి నాకు చేతులు రావడం లేదు.

చోటు ఖాళీగానే పంపిస్తున్నాను.

మీ రైలుపిల్ల